వైరు మీద నంబరు వెనక 150 ఏళ్ల కథ: గేజు నుంచి స్క్వేర్ ఎంఎం దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మీ గోడ లోపల పైపులో పడుకుని ఉన్న రాగి తీగ కథ చెప్తాను. పూర్తిగా వినండి, ఎందుకంటే ఈ చరిత్ర తెలియక ఇప్పటికీ ఇళ్లు కాలుతున్నాయి.

ఎలక్ట్రికల్ షాపు ముందు ఒక పావుగంట నిలబడితే మీకు రెండు భాషలు వినిపిస్తాయి. ఒక పెద్దాయన వస్తాడు, "త్రీ ట్వంటీ రెండు కాయిల్స్ ఇవ్వు" అంటాడు. వెనకాలే ఒక కుర్రాడు వచ్చి "అన్నా, టూ పాయింట్ ఫైవ్ స్క్వేర్ ఉందా?" అని అడుగుతాడు. షాపాయన ఇద్దరికీ ఒకే డబ్బా తీసి ఇస్తాడు. ఇద్దరూ అడిగింది ఒకటేనా? దాదాపు ఒకటే, కానీ పూర్తిగా కాదు. ఆ "దాదాపు"లోనే మన కథ ఉంది.

ముందు "గేజు" అనే మాట సంగతి చూద్దాం. కరెంటు రాకముందు నుంచే తీగ ఉంది. మన ఊళ్లలో బంగారం పని చేసే ఆచారిగారి దగ్గర కమ్మచ్చు ఉండేది, గుర్తుందా? ఇనుప పలక, దాని నిండా వరసగా రంధ్రాలు, ఒకదాని కంటే ఒకటి చిన్నవి. బంగారు కమ్మిని పెద్ద రంధ్రంలోంచి లాగుతారు, తర్వాత దాని కంటే చిన్నదాంట్లోంచి, తర్వాత ఇంకా చిన్నదాంట్లోంచి. లాగిన కొద్దీ తీగ సన్నబడుతుంది, పొడవు పెరుగుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్లలో తీగ తీసేవాళ్లు చేసిందీ ఇదే పని, కాకపోతే పెద్ద ఎత్తున.

గేజు నంబరు మొదట్లో కొలత కాదు, లెక్క. తీగను ఎన్ని రంధ్రాల్లోంచి లాగారన్నదే ఆ నంబరుకు మూలం. అందుకే నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. 18 కంటే 20 సన్నం, 20 కంటే 22 సన్నం. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కానీ లాగేవాడి వైపు నుంచి చూస్తే చక్కగా ఉంది: ఎన్నిసార్లు ఎక్కువ లాగితే అంత సన్నం.

ఇబ్బంది ఏంటంటే ఒక ఫ్యాక్టరీ పలక ఇంకో ఫ్యాక్టరీ పలకలా ఉండేది కాదు. ఒకరి 20 నంబరు ఇంకొకరి 20తో కలిసేది కాదు. సూదులు, మేకులు చేసుకునే రోజుల్లో దానితో పెద్ద నష్టం లేదు. తీగలో కరెంటు పారడం మొదలయ్యాక ఆ కొద్దిపాటి తేడానే ప్రాణం మీదకు వచ్చింది.

అమెరికాలో 1857లో బ్రౌన్ అండ్ షార్ప్ అనే కంపెనీ దీన్ని లెక్క ప్రకారం సరిచేసింది. 36 నంబరు తీగ మందం 0.005 అంగుళం, 0000 నంబరు తీగ మందం 0.46 అంగుళం అని రెండు కొసలు పెట్టుకుని, మధ్యలో ప్రతి మెట్టూ ఒకే నిష్పత్తిలో ఉండేలా పంచింది. అదే ఇప్పటి అమెరికన్ వైర్ గేజ్. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ అన్నయ్య ఇంట్లో "ట్వెల్వ్ గేజ్ వైరు, 20 ఆంప్స్ బ్రేకర్" అని విన్నారంటే అది ఈ లెక్కే. ఇందులో ఒక చిట్కా ఉంది: మూడు నంబర్లు కిందికి దిగితే రాగి అడ్డుకోత వైశాల్యం దాదాపు రెట్టింపు అవుతుంది.

బ్రిటన్ ఇంకా ఆలస్యం చేసింది. 1883లో ప్రభుత్వ ఉత్తర్వుతో స్టాండర్డ్ వైర్ గేజ్ ఖాయమైంది, 1884లో అమల్లోకి వచ్చింది. మనం అప్పుడు వాళ్ల పాలనలో ఉన్నాం కాబట్టి ఆ గేజే మనకూ వచ్చింది. "త్రీ ట్వంటీ" అంటే ఆ బ్రిటిష్ గేజులో 20 నంబరు పోగులు మూడు కలిపి పేనిన వైరు. "సెవెన్ ట్వంటీ" అంటే అవే పోగులు ఏడు. "వన్ ఎయిటీన్" అంటే 18 నంబరు పోగు ఒక్కటే.

లెక్క వేద్దామా? ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 20 నంబరు పోగు మందం 0.036 అంగుళం, అంటే 0.914 ఎంఎం. ఒక పోగు వైశాల్యం సుమారు 0.66 చదరపు ఎంఎం. మూడు కలిపితే 1.97. అంటే త్రీ ట్వంటీలో ఉన్నది 2 స్క్వేర్ కూడా పూర్తిగా లేదు. కానీ బజార్లో దాన్ని 2.5కి సమానం అంటారు. సెవెన్ ట్వంటీ 4.6 వస్తుంది, దాన్ని 4కి సమానం అంటారు. వన్ ఎయిటీన్ 1.17, దాన్ని 1 స్క్వేర్ కింద లెక్కేస్తారు. పాత ఇంటి వైరును కొత్త నంబర్లోకి మార్చి చెప్పేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి. గోడలో త్రీ ట్వంటీ ఉంటే అది టూ పాయింట్ ఫైవ్ కాదు, దానికన్నా సన్నం.

సరే, మందం తెలిసింది. ఆ మందంలో ఎంత కరెంటు పంపొచ్చు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది.

1840 ప్రాంతంలో జేమ్స్ జూల్ అనే కుర్రాడు, వాళ్ల కుటుంబానిది బీరు తయారుచేసే వ్యాపారం, ఇంట్లోనే ప్రయోగాలు చేసి ఒక విషయం కనిపెట్టాడు. తీగలో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

తర్వాత సముద్రం నేర్పిన పాఠం. 1858లో ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. ఎలక్ట్రీషియన్‌గా ఉన్న వైల్డ్‌మన్ వైట్‌హౌస్ సన్న తీగ చాలన్నాడు. విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఇంకా లావు రాగి కావాలన్నాడు. సన్నదే వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం వెళ్లడానికి దాదాపు 16 గంటలు పట్టింది. సిగ్నల్ సరిగ్గా రావడం లేదని వైట్‌హౌస్ దాదాపు 2000 వోల్టులు ఎక్కించాడు. కొద్ది వారాల్లోనే కేబుల్ చచ్చిపోయింది. 1866లో విజయవంతమైన కేబుల్‌లో రాగి బరువు నాటికల్ మైలుకు 300 పౌండ్లు. 1858 దాంట్లో 107 మాత్రమే.

థామ్సన్ ఇంకోటి కూడా గమనించాడు. ఒకే మందం ఉన్న రాగి తీగలు వేర్వేరు ఫ్యాక్టరీల నుంచి తెప్పించి కొలిస్తే, కరెంటును మోసే గుణంలో చాలా తేడా వచ్చింది. రాగిలో మలినం ఉంటే లావున్నా లాభం లేదు. మందం ఒక్కటే చాలదు, రాగి శుద్ధంగా కూడా ఉండాలి. ఈ మాటకు కాసేపట్లో మళ్లీ వస్తాను.

ఇప్పుడు న్యూయార్క్. 1882 సెప్టెంబరు 4న పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ పవర్ స్టేషన్ మొదలైంది. 110 వోల్టుల డీసీ. ఎడిసన్‌కు పెద్ద తలనొప్పి బల్బు కాదు ఫ్రెండ్స్, రాగి ధర. వోల్టేజి తక్కువైతే అదే వెలుగుకు కరెంటు ఎక్కువ కావాలి, కరెంటు ఎక్కువైతే లావు తీగ కావాలి. అందుకే 1883లో మూడు తీగల పద్ధతి తెచ్చాడు. దానితో 60 శాతానికి పైగా రాగి మిగిలింది. మన ఇళ్లల్లో 230 వోల్టులు ఉండటం వల్ల మనకు ఉన్న లాభం కూడా ఇదే. అదే 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంప్స్ తీసుకుంటుంది, 110 దగ్గరైతే 18 దాటుతుంది.

అప్పటి ఇళ్లల్లో మంటలు రావడం కొత్తేమీ కాదు. నూలు చుట్టిన తీగలు, చెక్క పట్టీల్లో దాచిన తీగలు. న్యూయార్క్‌లో కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ ఇంట్లో లోహపు జరీ ఉన్న వాల్‌పేపరుకు వైర్లు తగిలి పొగ లేచింది. ఆ ఇంటావిడ మొత్తం తీసేయమంది, తీసేశారు. 1882లోనే లండన్‌లో ఎలక్ట్రిక్ దీపాల వల్ల అగ్నిప్రమాదాలు జరగకుండా మొదటి నియమాలు రాశారు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1897లో వచ్చింది. ముందు మంటలొచ్చాయి, రూల్స్ తర్వాత వచ్చాయి.

మొదట్లో ఇంజనీర్లు ఒక మోటు లెక్క వాడేవాళ్లు: చదరపు అంగుళం రాగికి 1000 ఆంప్స్. మన కొలతలో చదరపు ఎంఎంకు 1.55 ఆంప్స్. లెక్క సులువే, కానీ తప్పుదోవ పట్టిస్తుంది. ఎందుకో చూడండి. వేడి పుట్టేది తీగ లోపల, వేడి బయటికి పోయేది తీగ పైచర్మం నుంచి. తీగ లావు పెరిగితే లోపలి రాగి పెరిగినంతగా పైచర్మం పెరగదు. కాబట్టి లావు తీగ తన రాగికి తగినంతగా చల్లబడలేదు. చిన్న గిన్నెలో టీ త్వరగా చల్లారిపోతుంది, పెద్ద గంగాళంలో సాంబారు గంటలపాటు వేడిగా ఉంటుంది. అదే సంగతి.

దీన్ని ప్రయోగాలు చేసి పట్టిక కట్టినాయన ఎవరో తెలుసా? ఆర్థర్ కెనెల్లీ. ఐరిష్ కుటుంబం, కానీ పుట్టింది మన బొంబాయి కొలాబాలో, 1861లో. పద్నాలుగేళ్లకే బడి మానేసి లండన్‌లో టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘంలో ఆఫీస్ బాయ్‌గా చేరాడు. 1887 చివర్లో ఎడిసన్ ల్యాబ్‌కు వెళ్లాడు. 1889లో రకరకాల మందం ఉన్న తీగలను చెక్క పట్టీల్లో, గాలిలో పెట్టి, కరెంటు పంపి, ఎంత వేడెక్కుతున్నాయో కొలిచాడు. అమెరికాలో తర్వాత వచ్చిన సేఫ్ కరెంటు పట్టికలకు ఆధారం ఆ కొలతలే.

ఇంతకీ తీగకు హద్దు దేని వల్ల వస్తుంది? రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఇంటి వైరు మీదున్న పీవీసీ తొడుగు మాత్రం 70 డిగ్రీల వరకే హాయిగా ఉంటుంది. అది దాటితే నెమ్మదిగా ఎండిపోతుంది, పెళుసుబారుతుంది, పగులుతుంది. కాబట్టి వైరు కెపాసిటీ అంటే రాగి బలం కాదు, దాని బట్ట ఓపిక. ఇది ఒక్క రోజులో జరగదు. మూడు వేసవులు గడుస్తాయి, ఏమీ కాదు. నాలుగో వేసవిలో అవుతుంది.

ఇప్పటి అంతర్జాతీయ పట్టికల్లో గోడ మీద పైపులో వేసిన పీవీసీ రాగి వైర్లకు, సింగిల్ ఫేజ్‌కు, ఇలా ఉంటుంది: 1.5 స్క్వేర్‌కు 17.5 ఆంప్స్, 2.5కు 24, 4కు 32, 6కు 41. కెనెల్లీ పాఠం ఇక్కడే కనిపిస్తోంది చూడండి. 1.5 దగ్గర ఒక్కో చదరపు ఎంఎంకు దాదాపు 11.7 ఆంప్స్, 6 దగ్గర 6.8 మాత్రమే. రాగి నాలుగింతలైనా కరెంటు నాలుగింతలు కాలేదు.

కానీ ఆ పట్టిక కింద ఒక మాట ఉంటుంది, చాలామంది చదవరు: "చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉంటే". మన విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 30 డిగ్రీలా? 45 డిగ్రీలకు ఆ అంకెను 0.79తో గుణించాలి. 2.5 స్క్వేర్ 24 నుంచి 19కి దిగింది. అదే పైపులో మూడు సర్క్యూట్ల వైర్లు కలిపి దూర్చారనుకోండి, ఇంకో 0.7తో గుణించాలి. 13.3 ఆంప్స్. డబ్బా మీద ఇంకో అంకె ఉంటుంది, మీ శ్లాబులో ఎండకు కాలుతున్న పైపులో నిజమైన అంకె ఇది. 1.5 స్క్వేర్ అయితే ఒంటరిగా ఉన్నా 45 డిగ్రీల్లో 13.8 మాత్రమే. దాని మీద ఏసీ 8 ఆంప్స్, గీజరు 8.7, రెండూ కలిస్తే 16.7. లెక్క మీరే చూస్కోండి.

మరి దీనికి కాపలా ఎవరు? ఫ్యూజు. మన ఊళ్లల్లో "ఫీజు ఎగిరిపోయింది" అంటాం కదా, అదే. ఎడిసన్ కాలం నుంచే ఉంది, 1890లో ఆయనకు పేటెంటు కూడా వచ్చింది. సర్క్యూట్‌లో కావాలనే ఒక బలహీనమైన తీగ పెట్టి, ముందు అది కరిగి మిగతా వైరును కాపాడేలా చేశారు. ఫ్యూజు ఉన్నది టీవీని కాపాడటానికి కాదు, గోడలో వైరును కాపాడటానికి. ఎంసీబీ చేసేదీ ఆ పనే.

ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంట్లో ఎండాకాలం 16 ఆంప్స్ ఎంసీబీ రోజూ పడిపోయేది. ఓనరు పంపిన మనిషి వచ్చి "ఏం లేదు తమ్ముడూ, ఎంసీబీ వీక్ అయింది" అని 32ది బిగించి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఎప్పుడూ పడలేదు. అందరూ సంతోషం. కొన్నాళ్లకు స్విచ్‌బోర్డు చుట్టూ గోడ గోధుమరంగుకు తిరిగింది, ప్లగ్గు ముట్టుకుంటే వేడి. విప్పి చూపిస్తే లోపల 1.5 స్క్వేర్, తొడుగు పెళుసుగా రాలిపోతోంది. 17.5 ఆంప్స్ వైరులో 25 ఆంప్స్ పారితే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతలు దాటుతుంది. జూల్ చెప్పిన వర్గం లెక్క. 32 ఎంసీబీకి 25 ఆంప్స్ అంటే మామూలే, అది నోరెత్తదు. పొలం దగ్గర ఫీజు క్యారియర్‌లో రెండు మూడు పోగులు మెలేసి కట్టడం కూడా ఇదే పని. కాపలా కుక్క అరుస్తోందని దాని నోరు కట్టేయడం.

నియమం ఒక్క ముక్కలో: మీ లోడు కన్నా ఎంసీబీ పెద్దది ఉండాలి, ఎంసీబీ కన్నా వైరు పెద్దది ఉండాలి. ఎంసీబీ మాటిమాటికీ పడుతుంటే లోడు తగ్గించండి, లేదా వైరు మార్చండి. ఎంసీబీ ఒక్కదాన్నే పెంచకండి.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఒకటి వోల్టేజి డ్రాప్. 1.5 స్క్వేర్ వైరుకు కిలోమీటరుకు 12.1 ఓమ్స్ దాకా నిరోధం ఉంటుంది. 50 మీటర్ల దూరం అంటే పోనూ రానూ 100 మీటర్లు, 1.21 ఓమ్స్. 10 ఆంప్స్ పారితే దారిలోనే 12 వోల్టులు పోతాయి. స్తంభం దగ్గరే 200 ఉన్న ఊళ్లో మోటారు దగ్గరికి ఎంత చేరుతుంది? మోటారు కాలిందంటే ప్రతిసారీ మోటారు తప్పు కాదు.

రెండోది డబ్బు. 1881లో థామ్సనే చెప్పాడు: తీగ మీద పెట్టుబడికి ఏటా పడే ఖర్చూ, తీగలో వేడిగా పోయే కరెంటుకు ఏటా అయ్యే ఖర్చూ సమానమైన చోట ఉన్నదే లాభసాటి మందం. అంటే కాలిపోని వైరు వేరు, బిల్లు తగ్గించే వైరు వేరు. సాధారణంగా రెండోది ఇంకొంచెం లావుంటుంది.

చివరగా ఇందాక ఆపిన మాట. 1956లో మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, తర్వాత మెల్లగా వైర్లు స్క్వేర్ ఎంఎంలోకి మారాయి. ఇప్పుడు డబ్బా మీద 36/0.3 అని చూస్తారు. పాత సెవెన్ ట్వంటీ లాంటి రాతే ఇది: 0.3 ఎంఎం పోగులు 36. లెక్కేస్తే 2.54 వస్తుంది, అదే 2.5 స్క్వేర్. కానీ స్టాండర్డ్ అసలు పట్టుకునేది పోగుల సంఖ్యను కాదు, నిరోధాన్ని. ఇలాంటి మెత్తటి 2.5 స్క్వేర్ వైరు కిలోమీటరుకు 7.98 ఓమ్స్ దాటకూడదు. 90 మీటర్ల కాయిల్‌కు 0.72 ఓమ్స్. నకిలీ వైరులో పోగులు తగ్గించొచ్చు, రాగిలో మలినం కలపొచ్చు, పైన తొడుగు మాత్రం లావుగా చేసి అమ్మొచ్చు. చేత్తో పట్టుకుంటే లావుగానే ఉంటుంది. మీటరు పెడితే దొరికిపోతుంది. థామ్సన్ 1857లో కొలిచింది ఇదే.

కాయిల్‌ను తూచినా తెలుస్తుంది. 90 మీటర్ల 2.5 స్క్వేర్ కాయిల్‌లో రాగి ఒక్కటే దాదాపు 2 కిలోలు ఉండాలి, తొడుగు బరువు దానికి అదనం. మొత్తం కాయిలే 2 కిలోలు తూగకపోతే ఆ షాపుకు ఒక దండం పెట్టి వచ్చేయండి.

ఈ వారం ఒక పని చేయండి ఫ్రెండ్స్. మీ ఇంటి డీబీ మూత తెరవక్కర్లేదు, బయటి నుంచే ఎంసీబీల మీద ఉన్న అంకెలు చదివి ఫొటో తీయండి. తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ అన్నను ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఈ ఎంసీబీ వెనక ఉన్న వైరు ఎన్ని స్క్వేర్?" ఆయన తడుముకోకుండా చెప్తే సరే. "అదంతా చూస్కుంటాలే" అంటే మాత్రం మెయిన్ ఆపించి, మీ ఎదురుగానే విప్పి చూపించమనండి.

వచ్చే ఎపిసోడ్‌లో మూడో రంధ్రం కథ, అంటే ఎర్తింగ్. అప్పటిదాకా జాగ్రత్త. నమస్తే.